టక్ మంటుంది, స్టార్ట్ అవదు: కొత్త బ్యాటరీ కొనేముందు ఎర్త్ వైరు చూడండి

కిందటి నెల ఒక శనివారం తెల్లారగట్ల మావయ్యగారిని స్టేషన్‌లో దింపాలి. రాజమండ్రిలో వాళ్ళ చెల్లెలి మనవరాలి పెళ్ళి, జన్మభూమికి టికెట్ తీశాం, ఆయనేమో రైలు ఆరు దాటాకైనా ఐదింటికే ప్లాట్‌ఫామ్ మీద ఉండాలనే మనిషి, నాలుగున్నరకే బ్యాగు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. నేను కారెక్కి కీ తిప్పాను. టక్. అంతే. మళ్ళీ తిప్పాను, మళ్ళీ ఒక్కటే టక్. డాష్‌బోర్డ్ లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి, హెడ్‌లైట్లు ఎదురు గోడ మీద తెల్లగా పడుతున్నాయి, హారన్ కొడితే వీధి కుక్క లేచి మొరిగింది, సెల్ఫ్, అంటే ఇంజన్‌ని తిప్పి లేపే స్టార్టర్ మోటార్, మాత్రం తీసుకోట్లేదు. "ఏటమ్మా, బ్యాటరీ డౌనా?" అన్నారు మావయ్యగారు. నేనూ అదే అనుకున్నాను. చివరికి టెన్నేటి పార్క్ వైపు నుంచి వస్తున్న ఆటో ఒకటి దొరికింది, అందులో పంపించేశాను.

మా ఇల్లు విశాఖలో, లాసన్స్ బే కాలనీలో, నాలుగు వీధులు దాటితే సముద్రం. మా ఆయన షిప్‌లో చేస్తారు, ఇంకా మూడు నెలలకి గానీ రారు, కాబట్టి కారు, మోటారు, ఇన్వర్టర్ అన్నీ నేనే చూసుకోవాలి. కారు పెట్రోల్‌ది, మాన్యువల్ గేరు, 2014 మొదట్లో కొన్నాం. బ్యాటరీ వేసి మూడేళ్ళు దాటింది. ఇంకేం, ఇంటికొచ్చి బ్యాటరీ వేసేవాళ్ళకి ఫోన్ చేశాను, పదిన్నరకి ఒకబ్బాయి వచ్చి చేతిలో చిన్న టెస్టర్ పెట్టి "వీక్ చూపిస్తోంది మేడమ్" అన్నాడు, పాతది తీసి కొత్తది బిగించి కీ తిప్పితే కారు ఒక్క దెబ్బకి స్టార్ట్ అయింది, పాతది వాళ్ళే తీసుకున్నాక నేను ఇచ్చింది 5,200 రూపాయలు. అతను అబద్ధం చెప్పలేదు, టెస్టర్‌లో వీక్ అనే వచ్చింది, నేనూ చూశాను. కానీ ఎందుకు వీక్ అయింది అని అతను అడగలేదు, నేనూ అడగలేదు. ఈ పోస్ట్ రాస్తున్నది ఆ ప్రశ్న గురించే.

ఎందుకంటే బుధవారం సాయంత్రం సిరిపురంలో ఆఫీసు కింద మళ్ళీ అదే టక్. నాలుగు రోజుల బ్యాటరీ. నిజంగా ఏడుపొచ్చినంత పనైంది. వాచ్‌మెన్, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు వెనక నుంచి తోశారు, కీ ఆన్ చేసి రెండో గేరులో క్లచ్ తొక్కి పెట్టుకుని బండి కాస్త జోరందుకున్నాక క్లచ్ వదిలితే ఇంజన్ అందుకుంది. మన ఊళ్ళో ఎత్తులూ పల్లాలూ బోలెడు కాబట్టి ఇది తేలికే, కాకపోతే ఇంజన్ ఆన్ అయ్యేదాకా పవర్ స్టీరింగ్ బిగుసుకుపోయి ఉంటుంది, బ్రేకు కూడా మామూలు కంటే చాలా గట్టిగా తొక్కాలి, అందుకని పాండురంగాపురం డౌన్ లాంటి చోట ఇలాంటి ప్రయత్నం చెయ్యొద్దు, చదునుగా ఉన్న రోడ్డు మీదే తోయించుకోండి. ఆటోమేటిక్ గేరు బండ్లయితే ఇలా స్టార్ట్ అవ్వవు.

మా కింద ఫ్లాట్‌లో బాబాయిగారు ఉంటారు, నేవల్ డాక్‌యార్డ్‌లో ఎలక్ట్రికల్ సైడ్ చేసి రిటైర్ అయ్యారు. కారు గేటు లోపలికి వస్తుంటే నా మొహం చూసి, "కొత్త బ్యాటరీ వేసేవు కదమ్మా, మళ్ళీ ఏటయింది?" అన్నారు. చెప్పాను. ఆయన మొట్టమొదట అడిగింది, "ఒక్క టక్కా, టకటకటకానా?"

ఈ తేడా నాకు అప్పటిదాకా తెలీదు. కీ తిప్పగానే టకటకటక అని ఆపకుండా కొట్టుకుంటుంటే దాదాపుగా బ్యాటరీలో చార్జ్ లేనట్టే, లేదా బ్యాటరీ టెర్మినల్ లూజు. సెల్ఫ్ మోటార్ మీద సోలినాయిడ్ అని ఒక చిన్న గుండ్రటి డబ్బా ఉంటుంది, కీ తిప్పితే దాని లోపలి కాయిల్ ఒక ఇనప కడ్డీని లాగుతుంది, ఆ కడ్డీ రెండు పనులు చేస్తుంది, ఒక వైపు సెల్ఫ్ పళ్ళచక్రాన్ని ముందుకు తోసి ఇంజన్ ఫ్లైవీల్ పళ్ళల్లోకి దూరుస్తుంది, ఇంకో వైపు రాగి బిళ్ళని రెండు కాంటాక్టుల మీదకి నొక్కుతుంది, అప్పుడు బ్యాటరీ కరెంటు నేరుగా మోటార్‌లోకి పోతుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే కాయిల్ లాగుతుంది గానీ మోటార్ కరెంటు అడగ్గానే వోల్టేజీ పడిపోతుంది, కాయిల్ పట్టు వదిలేస్తుంది, వదలగానే వోల్టేజీ మళ్ళీ లేస్తుంది, మళ్ళీ లాగుతుంది, అదే టకటకటక. ఒక్కటే బలమైన టక్ అని ఆగిపోతే సోలినాయిడ్ తన పని తను చేసింది, మోటార్ తిరగడానికి చాలినంత కరెంటు రావట్లేదు, లేదా మోటార్ లోపలే ఏదో పోయింది. ఇవి రెండూ కాకుండా బానెట్ కింద ఫ్యూజ్ డబ్బాలోంచి టిక్ అని సన్నటి శబ్దం ఒక్కటే వస్తే అది రిలే, అంటే సోలినాయిడ్‌కి కరెంటు పంపే చిన్న స్విచ్చు, సోలినాయిడ్ దాకా కరెంటే వెళ్ళట్లేదేమో అని చూడాలి. ఎవరినైనా కీ తిప్పమని మీరు బానెట్ దగ్గర చెవి పెట్టి వింటే టిక్ ఎక్కడ, టక్ ఎక్కడ అన్నది స్పష్టంగా తెలిసిపోతుంది. చీకట్లో అయితే మీటర్ లేకపోయినా హెడ్‌లైట్లు వేసి కీ తిప్పి చూడండి, లైట్లు బాగా డల్ అయిపోతే బ్యాటరీ దిగిపోయిందని, లేదా సెల్ఫ్ జామ్ అయి విపరీతంగా కరెంటు లాగుతోందని అర్థం, లైట్లు పెద్దగా మారకుండా ఉండి టక్ అంటే కరెంటు దారిలో ఎక్కడో అడ్డం పడుతోందని. నాకు శనివారం పొద్దున్న గోడ మీద లైట్లు తెల్లగా అలాగే ఉన్నాయి. ఆ సంగతి గుర్తుపట్టి ఉంటే 5,200 మిగిలేవి.

గురువారం నేను సెలవు పెట్టాను. బాబాయిగారు లోపల్నించి పాత డిజిటల్ మల్టీమీటర్ తెచ్చారు, చేతి ఉంగరం తీసేయమన్నారు నన్ను, గాజులు కూడా. పానాతో ప్లస్ దగ్గర పనిచేస్తున్నప్పుడు ఉంగరం ఇటు పానాకి అటు బాడీకి తగిలిందంటే ఒక్క సెకనులో ఎర్రగా కాలిపోతుంది, వేలు పోతుంది. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ లాగి. కీ దగ్గర మా తమ్ముడు.

ముందు మీటర్ పిన్నులు బ్యాటరీ రెండు పోస్టుల మీద పెట్టాం, 12.6 వోల్టులు. నిండుగా చార్జ్ ఉన్న బ్యాటరీ బండి ఆపి కొన్ని గంటలు ఉంచాక 12.6 లేదా 12.7 చూపించాలి, 12.2 అంటే ఇంచుమించు సగం, 12 కన్నా తక్కువైతే ముందు చార్జింగ్ పెట్టాలి. ఇప్పుడు కీ తిప్పమన్నాం. టక్. మీటర్ 11.7కి దిగి మళ్ళీ లేచింది. బాబాయిగారు "చూసేవా, బ్యాటరీకి ఏటీ కాలేదు" అన్నారు. స్టార్టింగ్ టైంలో 9.6 కన్నా కిందకి పోతేనే బ్యాటరీని అనుమానించాలట, మనది 11.7 దగ్గరే నిలబడింది, అయినా మోటార్ కదల్లేదు, అంటే వోల్టేజీ దారిలో ఎక్కడో తగ్గిపోతోంది.

ఎక్కడ తగ్గిపోతోందో పట్టుకునే పద్ధతి ఇంత సులువని నాకు నిజంగా తెలీదు. మీటర్ నల్ల పిన్ను బ్యాటరీ మైనస్ పోస్టు మీద, క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే పెట్టారు, ఎర్ర పిన్ను ఇంజన్ మీద రంగు లేని చోట, ఒక బోల్టు తల మీద. బ్యాటరీ మైనస్‌ని బాడీకీ ఇంజన్‌కీ కలిపే వైర్లే ఎర్త్ వైర్లు, అంటే రెండూ ఎర్తే కదా, సున్నా రావాలి కదా. కీ తిప్పకముందు సున్నానే. తిప్పాడు, టక్, మీటర్‌లో 6.8. మళ్ళీ తిప్పించారు, మళ్ళీ అంతే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఇక్కడ అర వోల్టు కూడా రాకూడదు, ఇంకా తక్కువుంటే ఇంకా మంచిది. మాకు 6.8 ఒక్క ఎర్త్ వైపే తినేస్తోంది, 11.7లోంచి అది తీసేస్తే సెల్ఫ్‌కి మిగిలేది ఐదు లోపే, దానికి మోటార్ ఏం తిరుగుతుంది. తర్వాత ఎర్ర పిన్ను కారు బాడీ మీద పెట్టి తిప్పితే దాదాపు సున్నా. అంటే బ్యాటరీ నుంచి బాడీకి పోయే ఎర్త్ బానే ఉంది, అందుకే లైట్లూ హారన్ బాగున్నాయి. బ్యాటరీ నుంచి గేర్‌బాక్స్‌కి పోయే రెండో వైరు పోయింది.

అసలు ఇంత లావు వైరులో 6.8 వోల్టులు ఎలా పోతాయి అని అడిగాను. చిన్న పెట్రోల్ కారు సెల్ఫ్ కూడా ఇంజన్‌ని తిప్పేటప్పుడు 100 నుంచి 200 ఆంపియర్ల దాకా లాగుతుంది, మన ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీ ఏడో ఎనిమిదో ఆంపియర్లు. వైరు జాయింట్‌లో 0.05 ఓమ్ అడ్డు ఉందనుకోండి, 140 ఆంపియర్లకి 7 వోల్టులు పోతాయి. అదే జాయింట్‌లోంచి 5 ఆంపియర్లు పంపిస్తే పోయేది పావు వోల్టు, ఎవరికీ తెలీదు. టెస్ట్ బల్బు పెట్టి చూస్తే బల్బు చక్కగా వెలుగుతుంది, వైరు బాగుందనుకుంటాం. మామూలు మీటర్‌తో ఓమ్స్ చూసినా అంత చిన్న అడ్డు దొరకదు. కీ తిప్పి కరెంటు పారుతున్నప్పుడు చూస్తేనే బయటపడుతుంది.

ఈలోపు ఇంకోటి జరిగింది. నాలుగైదు సార్లు తిప్పాక బాబాయిగారు "గేర్‌బాక్స్ దగ్గర ఆ బోల్టు మీద వేలు పెట్టి చూడమ్మా, మెల్లిగా" అన్నారు. పెట్టాను. టీ గ్లాసంత వేడి. ఇంజన్ పొద్దున్నించి స్టార్టే అవలేదు, పక్కన మెటల్ అంతా చల్లగా ఉంది, ఆ ఒక్క జాయింట్ మాత్రం కాలుతోంది. సెల్ఫ్‌కి పోవాల్సిన శక్తి అక్కడ వేడి అయిపోతోంది. ఇక ఎక్కువ తిప్పొద్దన్నారు.

రుజువు కోసం జంపర్ కేబుల్స్‌లో నల్లది ఒక్కటి తీసుకుని ఒక చివర బ్యాటరీ మైనస్‌కి, ఇంకో చివర ఇంజన్ ఎత్తడానికి ఉండే ఇనప కొక్కేనికి పట్టించాం. ఇంకేమీ మార్చలేదు. తిప్పగానే స్టార్ట్. తమ్ముడు లోపల్నించి "వచ్చీసింది!" అని అరిచాడు. ఇది మీరు కూడా చెయ్యొచ్చు, మీటర్ లేకపోయినా పర్లేదు, ఒక్క టక్ అనే బండికి ఇది ఐదు నిమిషాల పరీక్ష, ఇలా చేస్తే స్టార్ట్ అయిందంటే ఎర్త్ వైరే, సందేహం లేదు. స్టార్ట్ అవకపోతే అప్పుడు ప్లస్ వైరు, సెల్ఫ్ మోటార్ వైపు వెళ్ళాలి.

పనిలో పని ఇంజన్ నడుస్తుండగానే ఆ కేబుల్ తీసేసి ఏసీ, హెడ్‌లైట్లు వేసి బ్యాటరీ మీద వోల్టేజీ చూశారు, 13.1. ఇక్కడే నాకు అసలు విషయం అర్థమైంది. ఆల్టర్నేటర్, మన మెకానిక్‌లు డైనమో అంటారు కదా, అది ఇంజన్‌కే బిగించి ఉంటుంది, దాని కరెంటు కూడా బ్యాటరీకి వెళ్ళి తిరిగి రావాల్సింది అదే ఎర్త్ వైరులోంచి. డైనమో దగ్గర కొలిస్తే 14.3 ఉంది, బ్యాటరీ దగ్గరకి వచ్చేసరికి 13.1. అంటే నెలల తరబడి బ్యాటరీకి కడుపు నిండా చార్జింగ్ అందలేదు, దానికి తోడు నావన్నీ లాసన్స్ బే నుంచి సిరిపురం, సిరిపురం నుంచి ఎంవీపీ రైతు బజార్, ఇలాంటి పది నిమిషాల ట్రిప్పులు. ఆ అబ్బాయి టెస్టర్ వీక్ అన్నది అందుకే. పాత బ్యాటరీని చార్జర్ మీద ఒక రాత్రి పెట్టుంటే లేచేదేమో, ఇచ్చేశాం. మరి కొత్తది వేసిన రోజు ఎందుకు స్టార్ట్ అయిందంటే, బిగించేటప్పుడు వైర్లు అటూ ఇటూ లాగాడు, ఆ కదలికకి లోపల కాసిన్ని పోగులు మళ్ళీ తగిలాయి.

వైరు విప్పాం. ముందు మైనస్ తీసి, తర్వాత ప్లస్, బ్యాటరీ పక్కన పెట్టి, ట్రే తీసి, 10 పానాతో, కొన్నిచోట్ల 12తో. పైన తొడుగు నల్లగా నిగనిగలాడుతోంది, ఎక్కడా చీలిక లేదు, చూస్తే కొత్త వైరే అంటారు. బాబాయిగారు బ్లేడుతో లగ్, అంటే వైరు చివర బోల్టుకి బిగించే రింగు, దగ్గర నుంచి జానెడు పొడుగు కోసి తొడుగు విప్పారు. లోపల రాగి రంగు లేదు. ఆకుపచ్చ. వేళ్ళతో నలిపితే పసుపు నలిగినట్టు పొడి రాలింది, మధ్యలో పది పన్నెండు పోగులు మాత్రం నల్లగా పెళుసుగా మిగిలాయి, వంచితే పుల్లల్లా విరిగిపోయాయి. ఉప్పు తేమ లగ్ దగ్గర సందులోంచి దూరి వత్తిలో నూనె పాకినట్టు పోగుల మధ్య లోపలికి పాకిపోతుందట, బయట తొడుగు దాన్ని ఆరనివ్వకుండా దాచిపెడుతుంది. "షిప్పుల్లో మేం చూసింది ఇదే తల్లీ, బయట బాగుంటాది, లోపల తినేస్తాది" అన్నారు. తర్వాత, "ఈ బండి హుద్‌హుద్‌లో ఉందేటి?" అన్నారు. ఉంది. 2014 అక్టోబర్ 12న ఆ తుఫాను వచ్చేసరికి బండి కొని ఎనిమిది నెలలు, కింద బయటే నిలబడి ఉంది, మర్నాడు అద్దాల మీద ఉప్పు పొర గోళ్ళతో గీకితే వచ్చింది.

మనకి గేటు మడత బందులు, కిటికీ ఊచలు, ఏసీ ఔట్‌డోర్ యూనిట్ రెక్కలు ఎలా పొడైపోతాయో బీచ్ దగ్గర ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు, వాటికి ఏడాదికోసారి రంగు కొడతాం, గ్రీజు పెడతాం. కారు బానెట్ కింద కూడా అదే గాలి వెళ్తుందని ఎందుకో తట్టదు. బండి వాష్‌కి ఇచ్చినప్పుడు కింద మంచినీళ్ళు కొట్టమని అడగండి.

కొత్త వైరు అదే మందం, అదే పొడుగుది, ఆటోనగర్ నుంచి తమ్ముడు తెచ్చాడు, 380 రూపాయలు. గేర్‌బాక్స్ మీద కూర్చునే చోట తుప్పు ఎమరీ పేపర్‌తో రుద్ది మెరిసే దాకా చేశాం, లగ్ మెరిసే మెటల్ మీదే కూర్చోవాలి, రంగు మీదా తుప్పు మీదా కాదు. గట్టిగా బిగించాక పైన వాజిలీన్ దట్టంగా పూశాం. బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లగా పూత ఉంటే వేడి నీళ్ళలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పొంగి పోతుంది, ఆ పూతలో యాసిడ్ ఉంటుంది కాబట్టి కళ్ళలో పడకుండా, సెల్‌లలోకి సోడా నీళ్ళు పోకుండా చూసుకోవాలి. మళ్ళీ పెట్టేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. తిప్పితే స్టార్ట్, ఎర్త్ మీద 0.1, ఏసీ వేసినా చార్జింగ్ 14.2.

అన్ని టక్‌లూ ఎర్త్ వైరు కాదు, అది కూడా చెప్పాలి. పోయినేడు మా తమ్ముడి కారుకి ఒక్క టక్ వచ్చేది, అదీ బండి బాగా వేడెక్కాకే. ఎవరో సెల్ఫ్ మోటార్ మీద పానాతో రెండు చిన్న దెబ్బలు కొట్టమన్నారు, కొడితే స్టార్ట్ అయ్యేది. అలా ఓ వారం నడిపాడు, తర్వాత కొట్టినా లేవలేదు. కంచరపాలెంలో సెల్ఫులూ డైనమోలూ కట్టే ఒక పెద్దాయన విప్పి చూపించాడు, కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి చింతగింజంత మిగిలాయి, స్ప్రింగ్ నొక్కుతున్నా మోటార్ లోపల తిరిగే ఆర్మేచర్‌కి తగలట్లేదు, దెబ్బ కొడితే కదిలి ఒక క్షణం తగులుతున్నాయి. సోలినాయిడ్ లోపల రాగి బిళ్ళ నల్లగా కాలి గుంటలు పడింది. బ్రష్‌లు, బుష్‌లు, కాంటాక్టులు మార్చి అదే మోటార్ మళ్ళీ పెట్టాడు, ఈ రోజుకీ నడుస్తోంది. మొత్తం మోటార్ మార్చాలని ఎవరన్నా అంటే ముందు విప్పి చూపించమని అడగండి. ఆయనే ఇంకో మాట చెప్పాడు, ఎర్త్ పోయిన పాత బండ్లలో సెల్ఫ్ కరెంటు వేరే దారి లేక క్లచ్ కేబుల్‌లోంచి, యాక్సిలరేటర్ కేబుల్‌లోంచి పారి అవి కాలి పొగలొస్తాయని, మనం కేబుల్ మార్చుకుంటూ కూర్చుంటామని.

ఇంకోటి భయపెట్టేది. వానాకాలంలో అండర్‌బ్రిడ్జి కింద నీళ్ళలోంచి వచ్చాక బండి ఆగిపోయి టక్ అంటోందంటే మళ్ళీ మళ్ళీ తిప్పకండి, జంప్ పెట్టకండి, తోయించకండి. సిలిండర్‌లోకి నీళ్ళు పోయుంటే పిస్టన్ నీళ్ళని నొక్కలేదు, బలవంతం చేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, అప్పుడు వైరూ బ్యాటరీ కాదు, ఇంజనే దింపాలి. ప్లగ్గులు విప్పి నీళ్ళు తీయించేదాకా టోయింగ్ బండే గతి.

వేరే బండి నుంచి జంప్ తీసుకోవాల్సి వస్తే ఎర్రది మీ ప్లస్‌కి, తర్వాత వాళ్ళ ప్లస్‌కి, నల్లది వాళ్ళ మైనస్‌కి, చివరి నల్ల క్లిప్పు మీ బ్యాటరీ మైనస్‌కి కాకుండా దూరంగా ఇంజన్ మెటల్‌కి పెట్టండి, బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, చివరి క్లిప్పు దగ్గర నిప్పురవ్వ తప్పదు కాబట్టి ఆ రవ్వ బ్యాటరీకి దూరంగా ఉండాలి. నా బండికి ఎవరన్నా ఆ పద్ధతిలో జంప్ ఇచ్చుంటే స్టార్ట్ అయిపోయేది, ఎందుకంటే ఆ క్లిప్పే పాడైన ఎర్త్‌కి బదులు పనిచేసేది, అప్పుడు కూడా అందరం బ్యాటరీనే తిట్టేవాళ్ళం.

మావయ్యగారు మంగళవారం తిరిగొచ్చారు, స్టేషన్‌కి నేనే వెళ్ళాను. దార్లో మొత్తం చెప్తే అంతా విని, "ఆ పచ్చ వైరు పారీలేదు కదా, నేను చూడాలి" అన్నారు. పారెయ్యలేదు, షూ రాక్ మీద పెట్టాను, వచ్చిన వాళ్ళందరికీ అదే చూపిస్తున్నాను. మీటర్ ఒకటి నేనూ కొనుక్కున్నాను. నిన్న ఆదివారం బాబాయిగారూ నేనూ మా అపార్ట్‌మెంట్‌లో ఉన్న మిగతా కార్లన్నిటికీ ఎర్త్ కొలిచాం, మూడో ఫ్లోర్ వాళ్ళ బండికి 0.9 వచ్చింది. వాళ్ళకి ఇంకా టక్ మొదలవలేదు, బండి రోజూ స్టార్ట్ అవుతోంది. వచ్చే ఆదివారం పొద్దున్న ఆ వైరు విప్పుతాం.